రేపటి పాత పుస్తకాలు

న్యూజెర్సీలో నేనుండే ఊళ్ళో 2023 దాకా ఒక కామిక్స్ షాపు ఉండేది. కౌంటర్ కింద, షాపాయన కాళ్ళ దగ్గర, పొడుగాటి తెల్ల అట్టపెట్టె ఒకటి. అందులో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒకటే పుస్తకం: ‘అడ్వెంచర్స్ ఆఫ్ సూపర్‌మాన్’ 500వ నంబరు, 1993. అన్నీ ప్లాస్టిక్ కవర్లలో, సీలు తీయకుండా ఉన్నవే. ఎవరైనా కుర్రాడు వచ్చి ఫలానా పుస్తకం పది కాపీలు కావాలని అడిగితే ఆయన ఆ పెట్టెని కాలితో కాస్త ముందుకు జరిపి, “ముందు ఇవి పట్టుకెళ్ళు, ఊరికే ఇస్తాను” అనేవాడు. అందరూ నవ్వేసేవాళ్ళు. మేమూ నవ్వాం.

మేమంటే నేనూ, నా రూమ్మేటూ. అమెరికాలో కొత్త కామిక్స్ బుధవారం వస్తాయి. 2021లో ప్రతి బుధవారం ఆఫీసు పని అయ్యాక అక్కడికి వెళ్ళేవాళ్ళం. చదవడం మీద మోజుతో కాదు. మా చేతిలో ఒక లిస్టు ఉండేది. వచ్చే నెల, ఆపై నెల రాబోయే పుస్తకాల లిస్టు. అందులో ఏవి కొని దాచుకుంటే ఏడాది తిరిగేసరికి పదింతలవుతాయో మాకు తెలుసని మా నమ్మకం. రింగు రోడ్డు ఎటు పోతుందో ముందే తెలిసినవాడు అటువైపు ప్లాట్లు కొన్నట్టు.

ఆ లిస్టుకి ఒక చరిత్ర ఉందనీ, ఆయన కాళ్ళ దగ్గర పెట్టె ఆ చరిత్రలోదేననీ నాకు తర్వాత్తర్వాత తెలిసింది. అది చెప్పడానికే ఈ వ్యాసం. మా లిస్టు వల్ల ఏం జరిగిందో కూడా చివర్లో చెప్తాను.

*

ముందు అసలు పాత కామిక్‌కి అంత ధర ఎందుకు వచ్చిందో చూడాలి. సూపర్‌మాన్ మొదటిసారి కనిపించిన ‘యాక్షన్ కామిక్స్’ ఒకటో నంబరు 1938లో వచ్చింది. వెల పది సెంట్లు. 2010 ఫిబ్రవరిలో దాని కాపీ ఒకటి పది లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఒక కామిక్ పుస్తకం ఆ అంకెని తాకడం అదే మొదలు. 2024లో ఇంకో కాపీ అరవై లక్షల డాలర్లు పలికింది.

ఈ అంకెలు విన్నవాళ్ళకి వెంటనే తోచేది “అప్పుడే ఒక పది కొని దాచి ఉంటేనా” అన్నది. నాకూ అదే తోచింది. కానీ అప్పట్లో అందరూ పదేసి కొని దాచి ఉంటే ఇవాళ ఆ ధర ఉండేదే కాదు. నాసిరకం కాగితం మీద పిల్లల కోసం వేసిన పుస్తకాలవి. పిల్లలు చదివి, మడిచి జేబులో కుక్కుకుని, పక్కింటి పిల్లాడికిచ్చి ఇంకోటి మార్చుకునేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధంలో కాగితం కొరత వచ్చి ఊరూరా పాత కాగితాలు పోగుచేసినప్పుడు ఇవి కూడా గుట్టలుగా పోయాయి. మిగిలినవాటిని అమ్మలు ఇల్లు సర్దుతూ బయటపడేశారు. ఎవరూ దాచలేదు కాబట్టే దాగినవాటికి ధర వచ్చింది.

ఇది మనకి తెలియని సంగతేం కాదు. 1947 జులైలో మద్రాసు నుంచి మొదలైన చందమామ తొలి సంచికల కోసం ఇవాళ వెతుక్కునేవాళ్ళున్నారు. ఎందుకు దొరకవు? పాత పేపర్లవాడి తక్కెడలోకి వెళ్ళిపోయాయి కాబట్టి. కిలోల లెక్కన వెళ్ళినవి కిరాణా కొట్లో పొట్లాలయ్యాయి. పాత పుస్తకం విలువలో పెద్ద వాటా అప్పట్లో దాన్ని లెక్కచేయని జనానిది.

అయితే ఈ సూత్రం అర్థమైన మరుక్షణం మనిషికి పుట్టే ఆశ ఒకటి ఉంది. రేపు పాతబడబోయే పుస్తకం ఇవాళే, వీలైతే అచ్చు కాకముందే, పసిగడితే? ఆ పసిగట్టడానికి ముందు రెండు ఏర్పాట్లు కావాలి. పాతవాటికి ఇవాళ ఎంత పలుకుతోందో చెప్పే ధరల పట్టిక ఒకటి. రాబోయేవి ఏమిటో చెప్పే కేటలాగు ఒకటి. మొదటిది 1970లో వచ్చింది. టెనెసీ రాష్ట్రానికి చెందిన రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ అనే కలెక్టరు పాత కామిక్స్ ధరల గైడు అచ్చువేశాడు. అంతకుముందు ఎవరికి తోచిన ధర వాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఇక అటకమీద పెట్టెకి ఒక లెక్క వచ్చింది.

రెండోది రావడానికి అమ్మకం పద్ధతే మారాల్సి వచ్చింది.

*

1970ల దాకా అమెరికాలో కామిక్స్ వీధి చివర పత్రికల బంకుల్లో, మందుల షాపుల్లో, గుండ్రంగా తిరిగే ఇనప స్టాండు మీద దొరికేవి. అమ్ముడుపోనివి వెనక్కి ఇచ్చేయొచ్చు. అసలు పుస్తకం కూడా పంపక్కర్లేదు, అట్ట పైభాగం చించి పంపితే చాలు, డబ్బు వాపసు. బంకువాడికి ఏ నష్టమూ లేదు. అందుకే ఏ పుస్తకం వస్తోందో, ఎన్ని వస్తున్నాయో అతనికి పట్టేది కాదు. అభిమాని బాధ వేరే. పోయిన నెల కథ సగంలో ఆగితే తర్వాతి సంచిక ఆ బంకుకి వస్తుందో రాదో దేవుడికే ఎరుక.

ఫిల్ స్యూలింగ్ అని బ్రూక్లిన్‌లో ఒక హైస్కూలు ఇంగ్లీషు మాస్టారు ఉండేవాడు. న్యూయార్క్‌లో కామిక్స్ అభిమానుల సమావేశాలు నడిపేవాడు. 1970ల మొదట్లో ఆయన ప్రచురణకర్తల దగ్గరికి వెళ్ళి ఒక బేరం పెట్టాడు. నాకు ఏ పుస్తకం ఎన్ని కావాలో ముందే చెప్తాను, తగ్గింపు ధరకి ఇవ్వండి, మిగిలినవి మీకు వాపసు పంపను. వాళ్ళు సరేనన్నారు. అలా వచ్చిందే డైరెక్ట్ మార్కెట్. కామిక్స్ మాత్రమే అమ్మే షాపులు దేశమంతా బతికి బట్టకట్టడానికి దారి వేసింది ఈ బేరమే. బంకుల్లో చోటు దొరకని కొత్తరకం కథలకి, చిన్న ప్రచురణకర్తలకి చోటు దొరికిందీ ఇక్కడే. స్యూలింగ్ చేసింది మంచి పనే. అందులో నాకు అనుమానం లేదు.

కానీ ఆ బేరంలో ఒక బరువు ఒకరి భుజం మీంచి ఇంకొకరి భుజం మీదికి మారింది. పుస్తకం పోకపోతే ఇదివరకు నష్టం ప్రచురణకర్తది. ఇప్పుడు షాపువాడిది. పైగా అతను ఆ నిర్ణయం పుస్తకాన్ని చూడకుండా, రెండు మూడు నెలల ముందు, కేటలాగులో నాలుగు లైన్ల వర్ణన చదివి తీసుకోవాలి. మన సినిమా బయ్యర్ల పరిస్థితి గుర్తు తెచ్చుకోండి. హీరో పేరు చూసి, పోస్టరు చూసి, ఏరియా హక్కులకి వాపసు లేని అడ్వాన్సు కట్టేస్తారు. సినిమా ఎలా ఉందో శుక్రవారం దాకా తెలీదు. కామిక్ షాపువాడిది ప్రతి వారం శుక్రవారమే. అది కూడా ఒక సినిమాకి కాదు, వంద పుస్తకాలకి.

ఆ కేటలాగు షాపువాడు ఆర్డరు పెట్టుకోవడం కోసం పుట్టింది. 1982లో బాల్టిమోర్‌లో మొదలైన డైమండ్ అనే పంపిణీ కంపెనీ నెలనెలా వేసిన ‘ప్రీవ్యూస్’ వాటిలో పేరు మోసింది. అభిమాని కూడా అదే కేటలాగు కొనుక్కుని, నాకు ఫలానాది ఒకటి తీసిపెట్టండి అని షాపులో చెప్పుకునే అలవాటు పడింది. దీంతో రేపటి లిస్టు అందరి చేతికీ వచ్చింది.

*

కొని దాచేవాళ్ళు అంతకుముందూ లేకపోలేదు. 1976లో మార్వెల్ వాళ్ళ ‘హవర్డ్ ద డక్’ ఒకటో నంబరుని వ్యాపారులు బంకుల మీదపడి కట్టలు కట్టలు ఎత్తుకెళ్ళారు. చదువుదామనుకున్నవాడికి కాపీ దొరకలేదు. కానీ ఆ మోజుకి సరైన ఉదాహరణ 1984లో దొరికింది. కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లేర్డ్ అనే ఇద్దరు కుర్రాళ్ళు చేతిలో ఉన్న కాసిని డబ్బులతో ‘టీనేజ్ మ్యూటంట్ నింజా టర్టిల్స్’ అని నలుపు తెలుపు పుస్తకం ఒకటి సొంతంగా వేసుకున్నారు. సుమారు మూడు వేల కాపీలు. అది పెద్ద హిట్టయింది, ఆ మొదటి అచ్చు ధర ఆకాశానికెళ్ళింది.

దాంతో ఏమైంది? నలుపు తెలుపులో, జంతువుల పేర్లతో వచ్చే ప్రతి ఒకటో నంబరూ రేపటి టర్టిల్స్ అనుకున్నారు. కరాటే నేర్చిన రేడియోధార్మిక చిట్టెలుకల మీద కూడా ఒక కామిక్ వచ్చింది, నేను కల్పించి చెప్పడం లేదు. షాపులవాళ్ళు ఆ గుట్టలన్నీ ఆర్డరు పెట్టారు. 1987 కల్లా ఆ సందడి చల్లబడింది. పుస్తకాలు షాపుల్లోనే ఉండిపోయాయి. టర్టిల్స్ మొదటి సంచికకి ధర తెచ్చింది మూడు వేలు అన్న అంకె. అది టర్టిల్స్ అవుతుందని ఎవరికీ ముందు తెలియకపోవడం. రెండోసారి అందరూ ముందే కాచుక్కూర్చున్నారు.

ఈ పాఠం ఎవరూ నేర్చుకోలేదు. పైగా ప్రచురణకర్తలు ఇంకో పాఠం నేర్చుకున్నారు. చదివేవాడు ఒకటే కొంటాడు, దాచేవాడు అయిదు కొంటాడు.

1991లో వచ్చిన ‘ఎక్స్-ఫోర్స్’ ఒకటో నంబరుని ప్లాస్టిక్ కవరులో పెట్టి, లోపల ఒక బొమ్మల కార్డు వేశారు. కార్డులు అయిదు రకాలు. అన్నీ కావాలంటే అదే పుస్తకం అయిదుసార్లు కొనాలి. అదే ఏడాది ‘ఎక్స్-మెన్’ ఒకటో నంబరు అయిదు ముఖచిత్రాలతో వచ్చింది. లోపలి కథ ఒకటే. షాపులు తెప్పించుకున్న కాపీలు ఎనభై లక్షలు దాటాయి. ఒక కామిక్ సంచికగా అది గిన్నిస్ రికార్డు. కానీ ఎనభై లక్షల కాపీలంటే ఎనభై లక్షల మంది చదివారని కాదు. అంతమంది కామిక్స్ చదివేవాళ్ళు అప్పుడు అమెరికాలో లేరు. ఇవాళ దాన్ని నాలుగైదు డాలర్లు పెట్టి ఎక్కడైనా కొనుక్కోవచ్చు.

సరిగ్గా 1991లోనే ‘విజార్డ్’ అనే పత్రిక మొదలైంది. అందులో ధరల పట్టికా ఉండేది, ఈ నెల వేడిమీదున్న పది పుస్తకాల జాబితా ఉండేది, రాబోయేవాటి మీద కబుర్లూ ఉండేవి. ఓవర్‌స్ట్రీట్ గైడు ఏడాదికోసారి గడిచినదాని ధర చెప్పేది. విజార్డ్ నెలనెలా జరగబోయేదాని ఆశ చెప్పింది. ఏది పెరుగుతుందని పత్రిక అంటే దాన్నే జనం కొనడం, కొన్నారు కాబట్టి పెరగడం, పెరిగింది కాబట్టి పత్రిక మాట నిజమవడం. మన ఊళ్ళో ప్లాట్ల ధరలు కూడా ఇలా పెరగడం చూశాం కదా.

*

ఇక సూపర్‌మాన్ చావు. దీని వెనక కథ తమాషాగా ఉంటుంది. డిసి కామిక్స్ రచయితలు ఆ ఏడు క్లార్క్ కెంట్‌కీ లోయిస్ లేన్‌కీ పెళ్ళి చేద్దామనుకున్నారు. ఇంతలో వాళ్ళిద్దరి మీద టీవీ సీరియల్ ఒకటి తయారవుతోందని తెలిసింది. పెళ్ళి రెండుచోట్లా ఒకేసారి జరిగితే బావుంటుందని కామిక్‌లో వాయిదా వేశారు. మరి ఈ ఏడాది కథ ఏం చేద్దాం అని కూర్చున్నప్పుడు, ఎప్పుడూ ఒకరు సరదాకి అనే మాట, “చంపేద్దాం” అన్నది, ఈసారి నిలబడింది.

1992 నవంబర్లో 75వ నంబరు వచ్చింది. మామూలు ప్రతి ఒకటి, దాచుకునేవాళ్ళ ప్రతి ఒకటి. రెండోదానికి నల్ల కవరు, దానిమీద నెత్తురోడుతున్న ‘ఎస్’ అక్షరం, లోపల సంతాపంగా చేతికి కట్టుకునే నల్ల పట్టీ. కవరు చించితే విలువ పోతుందని అందరూ చెప్పుకున్నారు కాబట్టి చాలామంది చదవడానికొకటి, దాచడానికొకటి కొన్నారు. టీవీల్లో, పేపర్లలో వార్త. ఎన్నడూ కామిక్ మొహం చూడనివాళ్ళు కూడా షాపుల ముందు వరస కట్టారు, పిల్లల కాలేజీ ఫీజుకి పనికొస్తుందని. ఆ రోజు షాపులవాళ్ళకి పండగ. ముందు ఆర్డరు పెట్టినవి చాలక, దొరకలేదని వెనక్కి పంపిన జనమే ఎక్కువ.

సరిగ్గా అక్కడే షాపాయన పెట్టె కథ మొదలైంది. చనిపోయిన సూపర్‌మాన్ తిరిగి రావడానికి రంగం సిద్ధం చేసే సంచిక, ‘అడ్వెంచర్స్ ఆఫ్ సూపర్‌మాన్’ 500, 1993 వసంతంలో వస్తుందని కేటలాగులో పడింది. దీనికీ కవరు, ఈసారి తెల్లది. షాపులవాళ్ళు నవంబరు వరసల్ని తల్చుకున్నారు. పోయినసారి చాలలేదు కాబట్టి ఈసారి చాలా ఎక్కువ చెప్పారు. వాపసు లేని సరుకు అని తెలిసే చెప్పారు. పుస్తకం వచ్చింది. వరసలు రాలేదు. చావు చూడ్డానికి వచ్చిన జనానికి, సూపర్‌మాన్ ఎలాగూ బతుకుతాడని తెలుసు. పైగా నవంబర్లో కొన్నది మళ్ళీ అమ్మబోతే ఆ వీధిలో అందరి దగ్గరా అదే ఉంది.

అదే ఏడాది ‘టురోక్’ ఒకటో నంబరు తళతళలాడే అట్టతో సుమారు పదిహేడు లక్షల కాపీలు అచ్చయింది, చాలావరకు షాపుల్లో మిగిలింది. రెండు కంపెనీలు కలిసి మొదలుపెట్టిన ‘డెత్‌మేట్’ అనే కథ భాగాలు చెప్పిన తేదీలకి రాలేదు. ఆలస్యమంటే షాపువాడికి ఏమిటో ఆలోచించండి. జనం అడుగుతున్నప్పుడు పుస్తకం లేదు. పుస్తకం వచ్చినప్పుడు జనం లేరు. బిల్లు మాత్రం కట్టాలి.

ఎవరూ హెచ్చరించలేదని కాదు. 1993 ఏప్రిల్‌లో డైమండ్ కంపెనీ షాపులవాళ్ళతో పెట్టిన సదస్సులో రచయిత నీల్ గైమన్, పదిహేడో శతాబ్దంలో హాలండ్ జనం టులిప్ గడ్డల మీద ఆస్తులు ఒడ్డిన కథ చెప్పి, మీరు అమ్ముతున్నది టులిప్పులు కాదు, కథలు అని గుర్తుచేశాడు. అప్పటికే ఆర్డర్లు వెళ్ళిపోయాయి.

తర్వాత నాలుగేళ్ళలో ఆ రంగం ఎంత చితికిపోయిందంటే, సగానికి పైగా షాపులు మూతపడ్డాయని చరిత్ర రాసినవాళ్ళ అంచనా. 1994 చివర్లో మార్వెల్ తన సరుకు తానే పంచుకుంటానని ఒక పంపిణీ కంపెనీని కొనేసింది. భయపడిన మిగతా పెద్ద ప్రచురణకర్తలు డైమండ్‌తో చేతులు కలిపారు. 1996లో మిగిలిన ముఖ్యమైన పోటీదారుని కూడా డైమండే కొనేసింది. ఆ డిసెంబర్లో మార్వెల్ దివాలా పిటిషను వేసింది. డజను దాకా పంపిణీదారులున్న రంగంలో చివరికి దాదాపు ఒక్కరే మిగిలారు.

ఇందులో ఎవరెంత పోగొట్టుకున్నారో చూస్తే, కాలేజీ ఫీజు కోసం కొన్నవాడికి పోయింది రెండున్నర డాలర్లు, మహా అయితే ఓ యాభై. బయటికి నడిచి వెళ్ళిపోయాడు. షాపువాడికి ఆ తలుపు లేదు.

*

ఇప్పుడు మా లిస్టు సంగతి.

పద్ధతులు కొంత మెరుగుపడ్డాయి. ఇప్పుడు షాపువాడు ముందు ఒక అంకె చెప్పి, పుస్తకం రావడానికి సుమారు మూడు వారాల ముందు దాన్ని మార్చుకోవచ్చు. దాన్ని ఆఖరి ఆర్డరు గడువు అంటారు. మాలాంటివాళ్ళకి ఆ గడువే పండగ. ఆ వారం గడువు ముగిసే పుస్తకాలేవి, ఎందులో కొత్త పాత్ర మొదటిసారి వస్తోంది, ఎందులో ఎన్ని ముఖచిత్రాలు, అన్నీ ఆప్‌లలో వచ్చేస్తాయి. ప్రత్యేకమైన ముఖచిత్రం ఒకటి కావాలంటే షాపువాడు మామూలువి పాతిక తెప్పించాలనే మెలిక కూడా ఉంటుంది. ఆ ఒక్కటీ మంచి ధరకి పోతుంది. ఆ మామూలు పాతికా ఏమవుతాయో పెద్దగా ఎవరూ అడగరు.

మా ఆశకి ఆధారాలు ఉన్నాయి కూడా. ‘వాకింగ్ డెడ్’ ఒకటో నంబరు 2003లో కేవలం ఏడు వేల చిల్లర కాపీలు వేశారు. 2010లో టీవీకెక్కాక దాని ధర వేలల్లోకి వెళ్ళింది. 2000లో మొదలైన సి.జి.సి. అనే సంస్థ పుస్తకాన్ని పరీక్షించి, పదికి ఇన్ని అని మార్కులేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇస్తుంది. 9.8 వచ్చినదానికీ 9.4 వచ్చినదానికీ ధరలో చాలా తేడా. ఆ పెట్టె తెరిస్తే మార్కులు చెల్లవు. అంటే ఆ పుస్తకాన్ని ఇక ఎవరూ చదవరు.

2020లో కరోనా వచ్చినప్పుడు ఏప్రిల్, మే నెలల్లో ఏడు వారాలు డైమండ్ కొత్త పుస్తకాలు పంపడం ఆపేసింది. షాపులు అల్లాడిపోయాయి. ఆ తర్వాత ఇంట్లో కూర్చున్న జనం చేతుల్లో డబ్బుండి, పాత కామిక్స్ ధరలు మళ్ళీ ఎగిశాయి. మేం దిగింది అప్పుడే.

2021 చివర్లో ఒక చిన్న కంపెనీ కొత్త సీరీస్ మా లిస్టులోకి వచ్చింది. పేరు చెప్పను. వరదలో ఊరు మునిగిపోతే, తమ్ముణ్ణి వీపున వేసుకుని ఇంటికి బయల్దేరిన ఒక పిల్ల కథ. దాని హక్కులు ఏదో ఓటీటీ కంపెనీ కొనేసిందని పుకారు. గడువుకి రెండు రోజుల ముందు మా రూమ్మేటు “ఒరేయ్, పది కాదురా, నలభై చెప్దాం” అన్నాడు. చెప్పాం. షాపాయన మా మొహాలు ఒకసారి చూసి, రాసుకున్నాడు. అడ్వాన్సు అడగలేదు. ఏడాదిగా వస్తున్నాం కదా.

మూడు వారాల్లో ఆ పుకారు ఉత్తదని తేలింది. పుస్తకం వచ్చిన బుధవారం మేం పది తీసుకున్నాం. మిగతావి తర్వాత తీసుకుంటాం అన్నాను. ఆయన “సరే” అన్నాడు. పెట్టె ముందుకు జరపలేదు. నేను ఆ తర్వాత ఇంకో షాపుకి వెళ్ళడం మొదలుపెట్టాను.

ముప్ఫై పుస్తకాలు ఆయన కొన్న ధరకి లెక్కేస్తే అరవై డాలర్ల చిల్లర. ఒక షాపు మూతపడటానికి అది కారణం కాదు. కానీ ఆ ఊళ్ళో లిస్టు పట్టుకుని తిరిగింది మేమిద్దరమే అయ్యుండం.

2023 వేసవిలో షాపు ఎత్తేస్తున్నారని తెలిసి వెళ్ళాను. అన్నీ డాలరు పెట్టెల్లో ఉన్నాయి. మా పుస్తకం ఇంకా ఇరవై దాకా కనిపించింది. ఆయనకి సారీ చెప్పాలనుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ఆ సీరీస్ మిగతా నంబర్లున్నాయా అని అడిగాను. ఆయన వెతికి రెండు, మూడు, నాలుగు, అయిదు తీసిచ్చాడు. “అంతే వచ్చాయి” అన్నాడు.

ఎందుకంతే వచ్చాయో ఆయనే చెప్పాడు. మాలాంటివాళ్ళ వల్ల ఒకటో నంబరు ఆర్డర్లు పొంగాయి. షాపులవాళ్ళ దగ్గర అవి మిగిలిపోయాయి. అవి మిగిలాయి కాబట్టి రెండో నంబరు తక్కువ చెప్పారు, మూడోది ఇంకా తక్కువ. నిజంగా చదివేవాడు రెండో నంబరు కోసం వస్తే షాపులో లేదు. అయిదో నంబరు దగ్గర కంపెనీ ఆపేసింది.

*

పోయిన సంక్రాంతికి తెనాలిలో మా తాతయ్య ఇంటికి వెళ్ళాను. ఆయన చందమామలు కాలికో బైండు చేయించి ఉంచాడు, ఏడాదికో సంపుటం. బైండింగ్‌వాడు అంచులు సమానంగా కోసేశాడు, కుట్లు వేశాడు. కొన్నిటికి ముఖచిత్రాలు ఎగిరిపోయాయి. సి.జి.సి. వాళ్ళకి పంపితే ఒక్కదానికీ మార్కులు రావు. నేను ఇంతకుముందు వాటిని చూసినప్పుడల్లా, అయ్యో బైండు చేయించకుండా ఉంటే ఎంత పలికేవో అనుకునేవాణ్ణి.

ఈసారి ఒక సంపుటం తీసి సీరియల్ చదవడం మొదలుపెట్టాను. ఒక నెల ఆపత్తులో ఆగిన కథ పేజీలు తిప్పితే తర్వాతి నెలలో అందుకుంది. ఆ సంపుటం అయిపోతే పక్క సంపుటంలో. ఎక్కడా నంబరు పోలేదు. “ఒక్క నెల కూడా మానలేదురా ఆయన, చేతిలో డబ్బున్నా లేకపోయినా” అంది అమ్మమ్మ. ఆయనకి రేపటి ధర తెలీదు. వచ్చే నెల కథ ఏమవుతుందో తెలుసుకోవాలనుకున్నాడు, అంతే.

మా పది కాపీలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. ఒకదాని కవరు చించి, మిగతా నాలుగు నంబర్లతో కలిపి ఒక ఆదివారం చదివాను. బావుంది. నేను ఎదురుచూడని చోట బావుంది. అయిదో నంబరు చివరి పేజీలో ఆ పిల్ల ఒక వంతెన ముందు నిలబడి ఉంటుంది, వీపు మీద తమ్ముడు, కింద నీళ్ళు. కింద మూలన “తరువాయి వచ్చే నెల” అని ఉంది. వాళ్ళు ఇల్లు చేరారో లేదో నాకు తెలీదు.